పచ్చిక కోసిన బండి... బురదలో పరుగు!
మూలపడిన చిన్న ట్రాక్టర్లకు తండ్రీబిడ్డల చేతుల్లో కొత్త జన్మ

అమెరికాలో ఇంటి ముందూ వెనకా పచ్చిక పెంచడం రివాజు. దాన్ని వారం పది రోజులకోసారి కోయకపోతే ఇరుగు పొరుగు ముఖం చిట్లిస్తారు. చాలా ఊళ్లలో మునిసిపాలిటీ నోటీసు కూడా వస్తుంది. అరెకరం, ఎకరం జాగా ఉన్నవారికి చేత్తో తోసే యంత్రం చాలదు. అందుకే ఎక్కి కూర్చుని నడిపే చిన్న ట్రాక్టరు కొంటారు. చూడడానికి మన పొలం ట్రాక్టరుకు పిల్లలా ఉంటుంది. బరువు సుమారు 200 కిలోలు. పెట్రోలు ఇంజను. కడుపు కింద బోర్లించిన రేకు పళ్లెం, దాని లోపల గిరగిర తిరిగే కత్తులు. గంటకు ఎనిమిది కిలోమీటర్లు మించి పోదు.

కొన్నేళ్లకు ఆ రేకు పళ్లెం తుప్పు పట్టి చిల్లులు పడుతుంది. కొత్తది వేయించాలంటే బండి ఖరీదుకు దగ్గరవుతుంది. ఇంజను గట్టిగానే ఉన్నా బండి షెడ్డు మూలకు చేరుతుంది. అక్కడి పల్లెటూళ్లలో ఇలాంటి బండ్లను పాత ఇనుము ధరకు కొని, పిల్లలను పక్కన పెట్టుకుని విప్పి, మార్చి, బురదలోనూ గుట్టల్లోనూ నడిచే బండిగా తయారుచేసే తండ్రులు ఎందరో ఉన్నారు. సెలవు రోజుల్లో వారికి అదే కాలక్షేపం. పిల్లలకు అదే బడి.

గుడ్డల మిల్లు నుంచి గ్యారేజి దాకా

గడ్డి కోసే యంత్రం పుట్టింది ఇంగ్లండులో. గ్లాస్టర్‌షైరు జిల్లా స్ట్రౌడ్ పట్టణానికి చెందిన ఎడ్విన్ బడ్డింగ్ 1830లో దానికి పేటెంటు తీసుకున్నాడు. మిల్లులో నేసిన ఉన్ని గుడ్డ మీది నూగును కత్తిరించే యంత్రాన్ని చూసి, అదే ఉపాయాన్ని పచ్చికకు వాడాడు.

ఎక్కి నడిపే చిన్న ట్రాక్టర్లు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అమెరికాలో బాగా వ్యాపించాయి. ఈ కథలోనూ తండ్రీ కొడుకులు ఉండడం విశేషం. ఇండియానా రాష్ట్రం సౌత్ బెండ్ పట్టణంలో ఎల్మర్ పాండ్, ఆయన కొడుకు సెసిల్ పాండ్ 1946లో తమ గ్యారేజిలో తోట ట్రాక్టర్లు తయారుచేయడం మొదలుపెట్టారు. అదే ‘వీల్ హార్స్’ కంపెనీ అయింది. తొలి రోజుల బండ్లలో పాత కార్ల భాగాలను కూడా వాడుకున్నారు. 1986లో ‘టోరో’ కంపెనీ దాన్ని కొనేసింది. పొలం ట్రాక్టర్లు చేసే పెద్ద కంపెనీలూ ఈ రంగంలోకి దిగాయి. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వారి ‘కబ్ క్యాడెట్’ 1961లోను, జాన్ డీర్ వారి ‘110’ మోడలు 1963లోను వచ్చాయి. ఆనాటి బండ్లు మందపాటి ఇనుముతో చేసినవి. బురద బండ్లు కట్టేవారు వాటికోసం నేటికీ వెదుకుతుంటారు.

విప్పడమే తొలి పాఠం

పని మొదలు పెట్టేముందు చేసేవి మూడు. ట్యాంకులో పెట్రోలు దించాలి. స్పార్క్ ప్లగ్గు వైరు పీకాలి. బ్యాటరీ తీగలు విప్పాలి. అందులోనూ ముందు నెగటివ్ తీగ, తర్వాతే పాజిటివ్. ఈ వరస ఎందుకో పిల్లవాడికి చెప్పిన తర్వాతే పానా చేతికివ్వాలి. బండి చట్రం ఇనుము. నెగటివ్ తీగ దానికే కలిపి ఉంటుంది. ముందు పాజిటివ్ విప్పబోతే, పానా జారి చట్రానికి తగిలిందంటే నిప్పు రవ్వలు లేస్తాయి.

తర్వాత కత్తుల పళ్లెం ఊడదీస్తారు. దాన్ని మళ్లీ బిగించరు. కత్తి ఉన్న బండితో ఆటలు లేవన్నది ఈ పనిలో ఎదురులేని నియమం.

పనిని వయసుకు తగినట్టు పంచుతారు. ఎనిమిదేళ్ల పిల్లలు భాగాలను కడుగుతారు, నట్లు బోల్టులను డబ్బాల్లో వేరుచేసి చీటీలు అంటిస్తారు. బెల్టు ఏ పుల్లీ మీదుగా ఎటు తిరిగిందో విప్పకముందే బొమ్మ గీసుకుంటారు. ఆ బొమ్మ లేకపోతే తిరిగి బిగించేటప్పుడు పెద్దవాళ్లు కూడా తల పట్టుకుంటారు. పది పన్నెండేళ్ల వారు పానా పడతారు, కార్బురేటరు శుభ్రం చేస్తారు, కొలతలు తీస్తారు, రంగు వేస్తారు. ఇంకా పెద్ద పిల్లలు కళ్లద్దాలు పెట్టుకుని, పెద్దవారు పక్కనుండగా డ్రిల్లు పడతారు. వెల్డింగు మాత్రం పెద్దల పనే. ఆ వెలుగును వట్టి కళ్లతో చూస్తే రాత్రికి కళ్లలో ఇసుక పోసినట్టు మండుతుంది. కనుక పిల్లలను షెడ్డు బయటికి పంపేస్తారు.

బండిని జాకీ మీద ఎత్తి వదిలేసి కిందికి దూరడం ప్రాణాలకు ముప్పు. జాకీ ఎత్తడానికే గాని మోయడానికి కాదు. ఎత్తిన తర్వాత గట్టి స్టాండ్లు పెట్టాలి. మూసిన షెడ్డులో ఇంజను నడపడమూ అంతే ప్రమాదం. పెట్రోలు పొగలోని కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు. మనిషికి తెలియకుండానే సొమ్మసిల్లజేసి చంపుతుంది.

వేగమా? లాగుడా?

ఇక్కడే తండ్రికీ బిడ్డకూ వాదన మొదలవుతుంది. పిల్లలకు వేగం కావాలి. బురదకు కావలసింది లాగుడు. ఈ రెండూ ఒకచోట ఇమడవు. ఎందుకో పిండిమర బెల్టు చూసిన వారెవరికైనా ఇట్టే బోధపడుతుంది.

ఇంజను కింద ఒక పుల్లీ, వెనక గేరు పెట్టె మీద మరో పుల్లీ, మధ్యలో బెల్టు. ఇంజను నిమిషానికి 3,600 చుట్లు తిరుగుతోందనుకుందాం. దాని పుల్లీ 4 అంగుళాలు, వెనక పుల్లీ 8 అంగుళాలు ఉంటే, వెనకది 1,800 చుట్లు తిరుగుతుంది. రెండింటినీ సమానం చేస్తే అదీ 3,600 తిరుగుతుంది. ఎనిమిది కిలోమీటర్ల బండి పదహారు పోతుంది. కాని లాగే బలం సగానికి పడిపోతుంది. గట్టి నేల మీద పరుగెత్తిన బండి బురద గుంటలో ఉసూరుమంటుంది. అందుకే బురద బండి కట్టేవారు చాలామంది పుల్లీలను ఉన్నవి ఉన్నట్టే ఉంచుతారు. కొందరు ఇంకా నెమ్మదిగా పోయేలా మారుస్తారు.

టైర్ల లెక్క కూడా ఇలాంటిదే. పచ్చిక నలగకుండా ఉండేందుకు కంపెనీవారు నున్నటి టైర్లు వేస్తారు. బురదలో అవి జారతాయి. వాటి స్థానంలో పొలం ట్రాక్టరు టైరులాగా వి ఆకారపు గట్లున్నవి వేస్తారు. 20 అంగుళాల టైరు తీసి 23 అంగుళాలది వేస్తే, ఒక్కో చుట్టుకు బండి 15 శాతం ఎక్కువ దూరం పోతుంది. అంటే వేగం కొంచెం పెరిగి, లాగుడు ఆ మేరకు తగ్గుతుంది. ఈ లెక్క పిల్లవాడే కాగితం మీద వేసి, తర్వాత బండి మీద పరీక్షించుకుంటాడు. భిన్నాలంటే భయపడే పిల్లలకు కూడా నిష్పత్తి అంటే ఏమిటో ఇక్కడ చేతికి తగులుతుంది.

ఒక చక్రం బురదలో పడితే అదొక్కటే గిర్రున తిరిగి, రెండోది కదలకపోవడం మన రైతులకు తెలిసిన బాధే. పొలం ట్రాక్టరులో దానికి డిఫరెన్షియల్ లాకు పెడల్ ఉంటుంది. చిన్న బండికి ఉండదు. అందుకని కొందరు లోపలి పళ్లను వెల్డింగు చేసి రెండు చక్రాలూ ఎప్పుడూ కలిసే తిరిగేలా చేస్తారు. బురదలో అది మేలే. గట్టి నేల మీద మాత్రం మలుపు తిప్పడం బరువవుతుంది, ఇరుసు మీద ఒత్తిడి పడుతుంది. ఏ మార్పుకైనా ఒక ఖరీదు ఉంటుందన్నది పిల్లలు నేర్చే మరో పాఠం.

ఇంజను జోలికి మాత్రం పోరాదని అనుభవజ్ఞులు గట్టిగా చెబుతారు. నిమిషానికి సుమారు 3,600 చుట్లు దాటకుండా గవర్నరు ఇంజనును పట్టి ఉంచుతుంది. దాన్ని తీసేస్తే ఇంజను వెర్రెత్తినట్టు తిరుగుతుంది. లోపలి కనెక్టింగ్ రాడ్డు విరగవచ్చు. ఫ్లైవీలు పగిలి ముక్కలు తూటాల్లా ఎగరవచ్చు.

ముందు బ్రేకు, తర్వాతే పరుగు

ఈ బండికి ఉండే బ్రేకు చిన్నది. ఎనిమిది కిలోమీటర్ల వేగానికే అది సరిపోతుంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి రెట్టింపు కాదు, నాలుగు రెట్లవుతుంది. ఆగడానికి నాలుగింతల దూరం కావాలి. కాబట్టి బ్రేకు మార్చకుండా పుల్లీ మార్చరాదు.

బండి పల్టీ కొట్టడం రెండో గండం. గుంతలు దాటేందుకు ముందు ఇరుసును ఎత్తుతారు. ఎత్తు పెరిగేకొద్దీ బండి ఒరిగే గుణమూ పెరుగుతుంది. అందుకే ఎంత ఎత్తితే అంతకు తగ్గట్టు చక్రాల మధ్య వెడల్పు పెంచాలి. 15 డిగ్రీల వాలు దాటిన నేల మీదికి పోవద్దని పచ్చిక ట్రాక్టర్ల పుస్తకాలు సాధారణంగా హెచ్చరిస్తాయి. ఎత్తు పెంచిన బండికి అదీ ఎక్కువే.

సీటు మీది నుంచి మనిషి లేస్తే ఇంజను ఆగిపోయే స్విచ్చిని కంపెనీవారే అమరుస్తారు. అది విసుగు పుట్టిస్తుందని తీగ తెంపేసేవారు ఉన్నారు. అలా తెంపిన బండి పిల్లలకు ఇవ్వతగినది కాదు. పైగా నడిపేవాడి మణికట్టుకు తాడు కట్టి, కిందపడితే ఆ తాడు లాగి ఇంజను ఆపే మరో ఏర్పాటును పందెపు బండ్లలో చేస్తారు. ఇంటి బండికీ అది పెట్టడం మంచిది.

నడిపే ఈడు ఏది?

ఎక్కి నడిపే గడ్డికోత యంత్రాలను కనీసం 16 ఏళ్లు నిండనివారికి ఇవ్వరాదని అమెరికా పిల్లల వైద్యుల సంఘం సలహా. నడిపేవారి ఒళ్లో, పక్కన పిల్లలను కూర్చోబెట్టుకోరాదని కూడా వారు అంటారు. కత్తులు తీసేసిన బండికి ముప్పు తగ్గుతుంది గాని పోదు. 200 కిలోల ఇనుము మీదపడితే కత్తి ఉన్నా లేకున్నా ఒకటే. అందుకే ఇంగితం ఉన్న తండ్రులు బండి కట్టడంలో చిన్నపిల్లలను కలుపుకుంటారు, నడపడం మాత్రం ఈడు వచ్చాకనే అంటారు. ఈడు వచ్చినవారికి కూడా మొదట యాక్సిలరేటరుకు అడ్డంగా మర బిగించి వేగం తగ్గిస్తారు, శిరస్త్రాణం పెట్టిస్తారు. ఈ బండ్లు సొంత జాగాలో తిరగడానికే గాని రోడ్డెక్కడానికి కాదు.

పందేలూ ఉన్నాయి

గడ్డి బండ్ల పందేలు మొదట ఇంగ్లండులో జోరందుకున్నాయి. ససెక్స్ ప్రాంతంలోని విస్‌బరో గ్రీన్ అనే పల్లెలో 1973లో కొందరు ఔత్సాహికులు బ్రిటిష్ సంఘాన్ని స్థాపించారు. కార్ల పందేలకు డబ్బు కావాలి, గడ్డి బండి ప్రతి ఇంటా ఉంది కదా అన్నది వారి ఆలోచన. అమెరికాలో 1992లో సంఘం ఏర్పడింది. రెండు చోట్లా మొదటి షరతు ఒకటే. కత్తులు తీయనిదే బండిని బరిలోకి రానివ్వరు.

మన ముంగిట

మన ఊళ్లలో పచ్చిక ట్రాక్టర్లు లేవు. కాని మూలపడిన ఆయిలింజను, ఆగిపోయిన మందుకొట్టే స్ప్రేయరు, తుప్పు పట్టిన పవర్ టిల్లరు లేని ఊరు అరుదు. వాటిని పాత ఇనుము బండికి తూకానికి వేసేముందు ఒక ఆదివారం పిల్లల ముందు విప్పి చూపవచ్చు. పదో తరగతి తర్వాత ఐ.టి.ఐ.లో డీజిల్ మెకానిక్ ట్రేడులో చేరే పిల్లవాడికి ఆ ఒక్క ఆదివారం ఎంతో కలిసొస్తుంది. ఆడపిల్లలకూ ఈ పని నేర్పడానికి అడ్డేమీ లేదు. పానాకు ఆడా మగా తేడా తెలియదు.

నేర్పవలసిన మరో సంగతి ఉంది. పొలానికి పోయే ట్రాక్టరు మడ్‌గార్డు మీద పిల్లలను కూర్చోబెట్టడం మనకు అలవాటైపోయింది. ఒక్క గుంతలో చక్రం పడితే పిల్లవాడు పడేది ఆ పెద్ద చక్రం కిందనే. తిరిగే బెల్టులో, షాఫ్టులో పంచె కొసలు, చున్నీలు చుట్టుకోవడమూ తెలిసిన ప్రమాదమే. 18 ఏళ్లు నిండనివారు రోడ్డు మీద ట్రాక్టరు నడపడం చట్టరీత్యా నేరం. 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అలాంటి కేసులో తండ్రికో, బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25 వేల రూపాయల జరిమానా పడవచ్చు.

స్టీరింగు పిల్లల చేతికివ్వడం గొప్ప అనుకునే తండ్రులు ముందు పానా చేతికిస్తే మంచిది. బ్రేకును తానే విప్పి, తానే బిగించిన పిల్లవాడికి అది ఎక్కడిదాకా ఆపగలదో తెలుస్తుంది. ఆ తెలివి ఉన్నవాడే రేపు బండిని భద్రంగా ఇంటికి తెస్తాడు.