లాగిన్ అవ్వట్లేదా? నెట్‌ని తిట్టే ముందు డైరెక్టరీ సర్వర్ నాడి చూడండి

నందిగామలోనో జగ్గయ్యపేటలోనో ఒక కాలేజీ ల్యాబ్ అనుకోండి. పదింటికి ఆన్‌లైన్ ఇంటర్నల్ ఎగ్జామ్. 60 సిస్టమ్స్ ముందు 60 మంది కూర్చున్నారు. ఎవరు పాస్‌వర్డ్ కొట్టినా లోపలికి వెళ్లట్లేదు. ల్యాబ్ సార్ నోటి నుంచి వచ్చే మొదటి మాట మనందరికీ తెలిసిందే: "హైవే పనుల్లో ఫైబర్ కట్ చేసుంటారు."

కానీ ఇలాంటి ల్యాబ్‌లో అందరి యూజర్‌నేమ్‌లు, పాస్‌వర్డ్‌లు ఉండే డైరెక్టరీ సర్వర్ అదే బిల్డింగ్‌లో ఓ మూల ఉంటుంది. ఫైబర్ తెగినా దానికి ఏమీ కాదు. మరి దాన్ని అడిగేదెలా?

దీనికో స్టాండర్డ్ దారి ఉంది, పేరు ఎస్‌ఎన్‌ఎంపీ. రౌటర్లు, స్విచ్‌లు, యూపీఎస్‌లు మాట్లాడే భాషే ఇది. డైరెక్టరీ సర్వర్ ఏయే లెక్కలు చెప్పాలో 1999లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సీ 2605 రాసిపెట్టింది. ఫ్రీగా దొరికే 389 డైరెక్టరీ సర్వర్ ఆ తరహా లెక్కలే ఇస్తుంది. ఆ 389 ఏంటంటారా? ఎల్‌డ్యాప్ పోర్ట్ నంబర్! మిషిగన్ యూనివర్సిటీ కోడ్‌తో మొదలై, నెట్‌స్కేప్ చేతుల మీదుగా 2004లో రెడ్ హ్యాట్‌కి చేరిన సాఫ్ట్‌వేర్ ఇది.

ఇందులో నాకు బాగా నచ్చిన విషయం ఒకటుంది. ఎస్‌ఎన్‌ఎంపీకి జవాబిచ్చే ఏజెంట్ వేరే ప్రాసెస్. సర్వర్ రాసిపెట్టిన లెక్కల ఫైల్‌ని అది చదివి చెబుతుంది. అంటే సర్వర్ బిగుసుకుపోయి లాగిన్లు తీసుకోకపోయినా, ఏజెంట్‌ని అడగొచ్చు.

మళ్లీ ల్యాబ్‌కి వద్దాం. మొదట చూడాల్సింది 'డీఎస్ బైండ్ సెక్యూరిటీ ఎర్రర్స్'. తప్పు పాస్‌వర్డ్ వల్ల తిప్పికొట్టిన లాగిన్ల లెక్క అది. ఒక్కసారి చూస్తే ఏమీ తెలియదు. ఇది బండి మీటర్ లాంటిది, ఎంత తిరిగిందో చెబుతుంది కానీ స్పీడ్ చెప్పదు. నిమిషం ఆగి మళ్లీ చూసి తేడా తీయాలి. సర్వర్ రీస్టార్ట్ అయితే సున్నా నుంచి మొదలవుతుంది, అది చూసి కంగారు పడొద్దు.

ఆ లెక్క జోరుగా పెరుగుతూ, సెర్చ్‌ల లెక్క మాత్రం కదలకపోతే? 60 మందీ ఒకేసారి పాస్‌వర్డ్ మర్చిపోరు కదా! సిస్టమ్స్ అన్నీ సర్వర్‌ని అడగడానికి వాడే కామన్ అకౌంట్ పాస్‌వర్డ్‌ని రాత్రి ఎవరో మార్చి, ల్యాబ్‌లో మార్చడం మర్చిపోయి ఉంటారు. ముందు అది చెక్ చేయండి, పది నిమిషాల పని. అలా కాకుండా కనెక్షన్లు పెరుగుతూ, మిగతా లెక్కలన్నీ ఆగిపోతే సర్వర్ ఇరుక్కుపోయినట్టే. అసలు జవాబే రాకపోతే మాత్రం కేబుల్, కరెంటు, ఏజెంట్ ఆన్‌లో ఉందో లేదో చూడాలి.

ఇదంతా ఫోన్‌లోనే చూడొచ్చు. ఎస్‌ఎన్‌ఎంపీ యాప్స్ ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి, ఒక్కో ప్రశ్నకి అయ్యే డేటా చాలా తక్కువ. ఒక్క జాగ్రత్త: పాత వెర్షన్లలో కమ్యూనిటీ పేరే పాస్‌వర్డ్, అదీ నెట్‌వర్క్‌లో ఓపెన్‌గా వెళ్తుంది. చాలామంది దాన్ని 'పబ్లిక్' అనే వదిలేస్తారు. వెర్షన్ 3 పెట్టుకుని ఎన్‌క్రిప్షన్ ఆన్ చేయండి. ఇంటి నుంచి చూడాలనిపిస్తే వీపీఎన్ వాడండి, 161 పోర్ట్‌ని మాత్రం ఇంటర్నెట్‌కి తెరవకండి.