సైకిల్‌ను గుద్ది పారిపోతే శిక్ష ఏమిటి? ఇంటివాళ్లకు దక్కేదేమిటి?

దుబాయ్ సోనాపూర్ అయినా, అబుధాబి ముసఫ్ఫా అయినా, షార్జా సజ్జా అయినా, క్యాంపు గేటు పక్కన గోడకు ఆనించిన సైకిళ్ల వరుస కనపడాల్సిందే. ఇంటికి పోయేవాడు రూమ్మేట్‌కు ఇచ్చి పోతాడు, ఆ రూమ్మేట్ ఇంకొకడికి అమ్ముతాడు. అట్లా నాలుగైదు చేతులు మారిన సైకిల్‌కు బెల్లు ఉండదు, లైటు ఉండదు, ఒక్కోసారి వెనక బ్రేకూ ఉండదు. బకాలాకు, మనీ ఎక్స్ఛేంజ్‌కు, ఓవర్‌టైం అయ్యాక కంపెనీ బస్సు తప్పిపోతే సైట్ నుంచి రూముకు దానిమీదే ప్రయాణం. పక్కనే ట్రెయిలర్లు, వాటర్ ట్యాంకర్లు, పికప్‌లు దూసుకుపోతుంటాయి.

ఇలాంటి రోడ్డు మీద మనవాడొకడు పడిపోతే, గుద్దిన బండి ఆగకుండా పోతే, క్యాంపులో అందరి నోటా వచ్చేవి రెండే ప్రశ్నలు. గుద్ది పోయినవాడికి ఏం శిక్ష పడుతుంది? ఇంటివాళ్లకు పైసలు వస్తాయా? రెండో ప్రశ్నకు జవాబు చాలావరకు మొదటిదాని మీద ఆధారపడి ఉంటుంది. అన్నీ కాదు. ఆ డ్రైవర్ ఎప్పటికీ దొరక్కపోయినా రావాల్సిన డబ్బు కొంత ఉంది. ఈ విషయం మనవాళ్లలో చాలామందికి తెలియదు.

గుద్దడం ఒక కేసు, పారిపోవడం ఇంకో కేసు

యూఏఈలో 1995 నాటి ట్రాఫిక్ చట్టం దాదాపు ముప్పై ఏళ్లు నడిచింది. దాని స్థానంలో 2024లో 14వ నంబరు ఫెడరల్ డిక్రీ చట్టం తెచ్చారు. అది 2025 మార్చి 29 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం నిర్లక్ష్యంగా బండి నడిపి ఒకరి చావుకు కారణమైతే జైలు, 50 వేల దిర్హాములకు తగ్గని జరిమానా, లేదా ఈ రెండింటిలో ఒకటి. తాగి నడిపినా, రెడ్ సిగ్నల్ దాటినా, సస్పెండయిన లైసెన్సుతో నడిపినా శిక్ష పెరుగుతుంది. అప్పుడు ఏడాదికి తగ్గని జైలు, లక్ష దిర్హాములకు తగ్గని జరిమానా, లేదా రెండింట్లో ఒకటి.

ఇక పారిపోవడం సంగతి. మనుషులకు దెబ్బలు తగిలిన ప్రమాదంలో సరైన కారణం లేకుండా ఆగకపోతే రెండేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి లక్ష దిర్హాముల దాకా జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. తప్పు సైకిల్‌వాడిదా, కారువాడిదా అన్నది తర్వాతి మాట, పోలీసులు తేల్చే మాట. ముందు బండి ఆపాలి.

'రెండింట్లో ఒకటి' అన్న ముక్కను గమనించండి. జడ్జి జైలు వేయవచ్చు, ఒట్టి జరిమానాతోనూ వదలవచ్చు. పెద్ద కారువాడికి 50 వేల దిర్హాములు ఎంత, నెలకు వెయ్యి దిర్హాముల మనిషికి ఎంత? చట్టాన్ని తప్పుపట్టడం కాదుగానీ, ప్రాణం పోయిన కేసులో పారిపోయినవాడికి కొన్ని రోజులైనా జైలు తప్పనిసరి చేయాలని మా అభిప్రాయం.

పారిపోతే లాభం ఉందనిపించకూడదు

చట్టంలో ఈ మెలిక ఎంత దూరం పోతుందో చెప్పే ఉదంతం అమెరికాలో ఉంది. 2012 ఫిబ్రవరిలో ఫ్లోరిడా రాష్ట్రం మయామీలో, రికెన్‌బ్యాకర్ కాజ్‌వే అనే రోడ్డు మీద తెల్లవారుజామున సైకిల్ తొక్కుతున్న ఇద్దరు పిల్లల తండ్రిని ఒక కారు గుద్దింది. డ్రైవర్ ఆగలేదు. చాలా గంటల తర్వాత తీరిగ్గా వచ్చి లొంగిపోయాడు. అప్పటికి అతను తాగాడో లేదో తేల్చే దారి లేదు. చివరికి పడిన జైలు శిక్ష 364 రోజులు.

అసలు కిటుకు ఇక్కడుంది. అప్పట్లో అక్కడ తాగి నడిపి మనిషిని చంపితే కనీసం 4 ఏళ్ల జైలు తప్పదు. అదే పారిపోయి, మత్తు దిగాక లొంగిపోతే అంతకంటే తక్కువతో బయటపడవచ్చు. అంటే చట్టమే 'ఆగకు, పరుగెత్తు' అని చెప్పినట్టయింది. చనిపోయిన మనిషి కుటుంబం, సైకిల్ తొక్కేవాళ్లు కలిసి పట్టుబట్టారు. 2014 జూలై 1 నుంచి కొత్త చట్టం వచ్చింది. చనిపోయిన మనిషి పేరుతోనే దాన్ని ఆరన్ కోహెన్ లైఫ్ ప్రొటెక్షన్ యాక్ట్ అంటారు. ప్రాణం పోయిన ప్రమాదంలో పారిపోయినవాడికీ కనీసం 4 ఏళ్ల జైలు ఖాయమైంది.

యూఏఈలో పారిపోయి దాక్కోవడం అంత సులభం కాదు. రోడ్లపై కెమెరాల సంగతి అందరికీ తెలుసు. దానికంటే ముఖ్యమైనది గ్యారేజీ. బండి బాడీకి సొట్ట పడితే పోలీసు రిపోర్టు లేకుండా ఇక్కడ గ్యారేజీవాళ్లు ముట్టుకోకూడదు. పగిలిన హెడ్‌లైటుతో తిరగలేడు, బాగు చేయించుకోలేడు. అందుకే ప్రమాదం జరిగిన చోట పడిన గాజుముక్క, విరిగిన అద్దం, ప్లాస్టిక్ ముక్క ఏదీ తీయకండి, కాలితో పక్కకు నెట్టకండి. బండి కంపెనీ, మోడల్ పోలీసులకు దొరికేది వాటితోనే.

మనలోనూ డ్రైవర్లున్నారు

ఈ పేపరు చదివేవాళ్లలో పికప్ నడిపేవాళ్లు, కంపెనీ బస్సు నడిపేవాళ్లు, డెలివరీ బైకుల మీద తిరిగేవాళ్లు తక్కువేం కాదు. రాత్రి లైటు లేని సైకిల్ ఒక్కసారిగా ముందుకొస్తే ఎంత మంచి డ్రైవరైనా గుద్దవచ్చు. ఆ క్షణంలో చేతులు వణుకుతాయి. ఉద్యోగం పోతుందని, వీసా పోతుందని, ఇంటి దగ్గర అప్పు గుర్తొచ్చి కాలు యాక్సిలరేటర్ మీదకే పోతుంది. ఆగితే అది ప్రమాదం కేసు. తప్పు ఎంతన్నది లెక్క కడతారు, బండికి ఇన్సూరెన్స్ ఉంది. ఆగకపోతే దాని మీద ఇంకో నేరం చేరుతుంది, జైలో జరిమానానో సొంతంగా మోయాలి.

మన దేశంలో పారిపోయే డ్రైవర్లు చెప్పే కారణం ఒకటుంది, జనం కొడతారని. మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్ కూడా గుంపు దాడి భయం ఉన్నప్పుడు డ్రైవర్‌కు వెసులుబాటు ఇచ్చింది. గల్ఫ్ రోడ్ల మీద ఆ మాట చెల్లదు. ఇక్కడ ఎవరూ రాళ్లు పట్టుకుని రారు. 999కి ఫోన్ చేస్తే పోలీసు వస్తాడు, 998కి చేస్తే అంబులెన్స్ వస్తుంది.

దారిన పోయేవాళ్లకూ ఒక మాట. 'ముట్టుకుంటే మన మీదికే వస్తుంది' అని చూసీ చూడనట్టు పోవద్దు. మంచి మనసుతో సాయం చేసినవాళ్లను శిక్షించకుండా యూఏఈ 2020లోనే శిక్షాస్మృతిని మార్చింది.

మన తప్పూ లెక్కలోకి వస్తుంది

చేదుగా ఉన్నా చెప్పక తప్పదు. బస్‌స్టాప్ అవతల ఉందని, బ్రిడ్జి దూరమని సైకిల్‌ను భుజాన ఎత్తుకుని హైవే కంచె దాటేవాళ్లను రోజూ చూస్తున్నాం. కొత్త చట్టంలో, దాటకూడని చోట రోడ్డు దాటి ప్రమాదానికి కారణమైతే జైలు, 5 వేల నుంచి 10 వేల దిర్హాముల జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. వేగ పరిమితి గంటకు 80 కిలోమీటర్లు, ఆ పైన ఉన్న రోడ్డయితే మూడు నెలలకు తగ్గని జైలు, 10 వేలకు తగ్గని జరిమానా, లేదా రెండింట్లో ఒకటి. కాలో చేయో పోగొట్టుకుని ఆసుపత్రిలో పడుకున్నవాడి మీద కూడా కేసు కావచ్చు.

దుబాయ్‌లో 2022లో సైకిళ్లకు వేరే నిబంధనలు పెట్టారు. హెల్మెట్, మెరిసే జాకెట్ ఉండాలి. సైకిల్‌కు ముందు తెల్ల లైటు, వెనక ఎర్ర లైటు ఉండాలి. గంటకు 60 కిలోమీటర్లు, ఆ పైన వేగం ఉన్న రోడ్డు మీద సైకిల్ తొక్కితే 300 దిర్హాముల జరిమానా. జాకెట్ కోసం డబ్బు పెట్టాల్సిన పని లేదు. సైటులో ఇచ్చినదే రాత్రి సైకిల్ మీద వేసుకోవచ్చు. డ్యూటీ అవగానే దాన్ని విప్పి సంచిలో కుక్కడం ఎందుకో మాకు అర్థం కాదు.

డబ్బు ఎక్కడెక్కడి నుంచి

మొదటిది దియా, అంటే రక్తధనం. పొరపాటున జరిగిన మరణానికి యూఏఈలో దీన్ని 2003లో 2 లక్షల దిర్హాములుగా చట్టం ఖరారు చేసింది. డ్రైవర్ తప్పు ఉందని కోర్టు తేల్చాక ఇది వారసులకు వస్తుంది. బండి, డ్రైవర్ దొరికితేనే దియా మాట. అందుకే నంబరు ప్లేటులో రెండు అంకెలు చూసినా, బండి రంగు ఒక్కటే చూసినా పోలీసులకు చెప్పాలి. భాష రాదని వెనక్కి తగ్గవద్దు, హిందీలో చెప్పినా చాలు.

దియాను మాఫీ చేసే హక్కు వారసులది. కంపెనీది కాదు, మనదూబ్‌ది కాదు, రూమ్మేట్‌ది అంతకన్నా కాదు. అరబీలో రాసిన కాగితం తెచ్చి 'బాడీ తొందరగా పోవాలంటే సంతకం పెట్టు' అని ఎవరైనా అంటే, అందులో ఏముందో తెలిసినవాళ్లతో చదివించుకున్నాకే పెన్ను పట్టండి. మాఫీ కాగితాన్ని ఇక్కడ 'తనాజుల్' అంటారు, ఆ మాట గుర్తుంచుకోండి. ఊళ్లో భార్య నుంచో తల్లిదండ్రుల నుంచో పవర్ ఆఫ్ అటార్నీ తెప్పించేటప్పుడు కూడా జాగ్రత్త. డబ్బు తీసుకునే అధికారం ఎవరికి ఇస్తున్నారో చూసుకోవాలి. పర్సెంటేజీ మాట్లాడుకుని వచ్చే బ్రోకర్లకు ఇలాంటి వార్త చాలా తొందరగా చేరుతుంది.

రెండోది డ్రైవర్ దొరికినా దొరక్కపోయినా రావాల్సిన డబ్బు. డ్యూటీకి పోయేటప్పుడు గానీ, డ్యూటీ నుంచి వచ్చేటప్పుడు గానీ, దారిలో ఆగకుండా, దారి మళ్లకుండా వస్తుండగా జరిగిన ప్రమాదాన్ని యూఏఈ కార్మిక చట్టం పనిలో జరిగిన ప్రమాదంగానే చూస్తుంది. అలా మరణిస్తే 24 నెలల బేసిక్ జీతం కుటుంబానికి కంపెనీ ఇవ్వాలి. అది 18 వేల దిర్హాములకు తగ్గకూడదు, 2 లక్షలు దాటదు. సైకిల్ మీద సైట్ నుంచి నేరుగా రూముకు వస్తుంటే ఇది వర్తిస్తుంది. మధ్యలో బకాలాకు మళ్లితే కంపెనీ అడ్డం తిరిగే అవకాశం ఉంది. కాబట్టి ఆ రోజు ఎన్ని గంటలకు డ్యూటీ దిగాడో చూపే టైం షీటు కాపీని వెంటనే సంపాదించండి.

మూడోది ఇండియా వైపు నుంచి. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద వచ్చినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. 275 రూపాయలకు రెండేళ్లు, 375 రూపాయలకు మూడేళ్లు. ప్రమాదంలో మరణిస్తే 10 లక్షల రూపాయలు వస్తాయి. వచ్చిన కొత్తలో ఏజెంటు కట్టి ఉంటాడు, గడువు దాటాక రెన్యూ చేసినవాళ్లు ఎందరు? గల్ఫ్‌లో చనిపోయిన తెలంగాణ కార్మికుల కుటుంబాలకు 5 లక్షల రూపాయలు ఇవ్వాలని ఆ రాష్ట్ర ప్రభుత్వం 2024లో నిర్ణయించింది.

ఊళ్లో ఇదే జరిగితే

మనం ఇక్కడుంటే నాన్నో తమ్ముడో అక్కడ సైకిల్ మీద పొలానికి, మార్కెట్‌కు పోతూనే ఉంటారు. పాత ఐపీసీ 304ఏ సెక్షన్ ప్రకారం నిర్లక్ష్యంతో మనిషిని చంపితే గరిష్ఠ శిక్ష రెండేళ్లే. దాని స్థానంలో 2024 జూలై 1 నుంచి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షన్ దాన్ని అయిదేళ్లు చేసింది. గుద్ది, ఎవరికీ చెప్పకుండా పారిపోతే పదేళ్ల దాకా అని రెండో భాగంలో రాశారు. కానీ 2024 జనవరిలో లారీ డ్రైవర్లు సమ్మెకు దిగడంతో, మిగతా చట్టాన్ని అమలు చేసినప్పుడు ఆ భాగాన్ని మాత్రం పక్కన పెట్టారు.

గుద్దిన బండి దొరక్కపోయినా అక్కడ కుటుంబానికి ఒక దారి ఉంది. 2022 ఏప్రిల్ 1 నుంచి ఇలాంటి కేసుల్లో మరణానికి 2 లక్షల రూపాయలు, తీవ్ర గాయానికి 50 వేల రూపాయలు కేంద్ర పథకం కింద ఇస్తున్నారు. లాయర్ అక్కర్లేదు. ఎఫ్ఐఆర్, పోస్ట్‌మార్టం రిపోర్టు కాపీలతో తహసీల్దారు లేదా ఆర్డీవో ఆఫీసులో దరఖాస్తు పెట్టాలి. మంజూరు చేసేది జిల్లా కలెక్టర్. ఈసారి ఇంటికి ఫోన్ చేసినప్పుడు ఈ ముక్క చెప్పండి.