ఇనుప చట్రపు గోడకు చెక్క పట్టీల బిగింపు

బెంగళూరు పాతపేటల్లో ఒకటైన నగర్తపేటలో వీధులు ఇరుకైనవి. చైత్ర పూర్ణిమ నాటి రాత్రి ధర్మరాయస్వామి దేవాలయం నుండి కరగ ఊరేగింపు బయలుదేరినప్పుడు ఈ ప్రాంతమంతా జనంతో నిండిపోతుంది. అటువంటి వీధిలో పై అంతస్తు నుండి ఒక్క చెక్క పట్టీ ఊడిపడినా ప్రాణాపాయం కలుగుతుంది. ఇటుక గోడకు బదులు ఇనుప చట్రంపై సిమెంటు బోర్డు బిగించి గోడ నిర్మించినచోట, కిటికీల చుట్టూ, చూరు అంచునా అమర్చే చెక్క పట్టీల విషయంలో ప్రత్యేక జాగ్రత్త అవసరం.

చెక్కలో దిగిన మేకును చుట్టూ ఉన్న నార అదిమి పట్టుకుంటుంది. చట్రపు రేకు మందం సాధారణంగా ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది. అందులో మేకుకు పట్టు దొరకదు; గాలికి అదిరి క్రమంగా వదులవుతుంది. సిమెంటు బోర్డు కప్పు మాత్రమే గాని ఆధారం కాదు. జిగురు ఒక్కటే చాలదు. పట్టీ బరువును ఇనుమే మోయాలి.

చట్రపు నిలువు కమ్మీలు సాధారణంగా 400 లేదా 600 మిల్లీమీటర్ల దూరంలో ఉంటాయి. అయస్కాంతంతో వెదికితే బోర్డుపై వరుసగా ఉన్న స్క్రూ తలలు వాటి జాడను తెలుపుతాయి. పట్టీ రావలసినచోట కమ్మీ లేకపోతే, బోర్డు మూయకముందే లోపల అదనపు కమ్మీ అమర్చుకోవాలి.

బిగింపునకు తనంతట తానే ఇనుమును తొలిచే సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూలు తగినవి. ముందుగా చెక్కలో స్క్రూ కంటే కొంచెం పెద్ద రంధ్రం చేయాలి. లేనిచో మరలు చెక్కను పట్టుకుని, పట్టీ గోడకు ఆనక సందు మిగులుతుంది. స్క్రూ ఇనుమును దాటి కనీసం మూడు మరలు బయటకు రావాలి. 20 మిల్లీమీటర్ల పట్టీకి, 8 మిల్లీమీటర్ల బోర్డుకు దాదాపు 40 మిల్లీమీటర్ల స్క్రూ సరిపోతుంది. అంతకంటే మరీ పొడవైనది గోడలోని విద్యుత్ తీగను చీల్చితే చట్రమంతటా విద్యుత్తు ప్రవహించే ప్రమాదం ఉంది. అందువల్ల తీగల మార్గం తెలుసుకున్న తరువాతే పని మొదలుపెట్టాలి.

వానకు చెక్క ఉబ్బుతుంది, ఎండకు కుంచించుకుపోతుంది. పట్టీ వెనుక భాగానికీ కోసిన అంచులకూ బిగింపునకు ముందే ప్రైమరు పూయాలి. పైఅంచుపై నీరు నిలవకుండా వాలుగా రేకు అమర్చాలి. రాగి కలిసిన మందు పట్టించిన చెక్క సాధారణ స్క్రూలను త్వరగా తుప్పు పట్టిస్తుంది. అక్కడ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడాలి.

రంగు వేసిన తరువాత ఈ లోపాలేవీ కంటికి కనబడవు. కాబట్టి దుకాణదారు గానీ, అద్దెకున్నవారు గానీ పని జరుగుతుండగానే స్క్రూ రకం, పొడవు, అది కమ్మీలో దిగినదీ లేనిదీ మేస్త్రిని అడిగి చూసుకోవాలి. ఆపై ఏటా వర్షాకాలానికి ముందు వదులైన పట్టీలను సరిచేయించుకోవడం ఇంటికీ, వీధిలో నడిచేవారికీ క్షేమం.