గుండెకణంలో పంపులు, క్రైస్ట్‌చర్చ్‌లో దొరకని హార్మోను

తూర్పు ఆఫ్రికా వేటగాళ్లు బాణాల మొనలకు పూసే చెట్టు విషం ఊబాయిన్. అది మనిషి రక్తంలోనే ఉందని, శరీరమే దాన్ని హార్మోనులా తయారు చేసుకుంటుందని 1991లో అమెరికాలో జాన్ హామ్లిన్ బృందం ప్రకటించింది. రక్తపోటు పరిశోధకుల్లో పెద్ద కలకలం. మూడేళ్లకు, 1994లో, న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నుంచి లూయిస్, నికోల్స్ తదితరులు ‘హైపర్‌టెన్షన్’ పత్రికలో బదులిచ్చారు: మేమూ వెతికాం, మనిషి ప్లాస్మాలో ఊబాయిన్ కనబడలేదు.

ఒక్క విషం కోసం ఇంత పట్టుదల దేనికి? అది పట్టుకుని ఆపేసేది సోడియం పంపును కాబట్టి.

దాదాపు ప్రతి జంతుకణం పొరలోనూ ఉండే ఈ ప్రోటీను మూడు సోడియం అయాన్లను బయటికి తోసి, రెండు పొటాషియం అయాన్లను లోపలికి లాగుతుంది. 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ పీతల నరాల్లో దీన్ని గుర్తించాడు. నోబెల్ రావడానికి మరో 40 ఏళ్లు పట్టింది. పంపుకు ఇంధనం ఏటీపీ. 1929లో హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి దాన్ని కనుగొన్నది మన యల్లాప్రగడ సుబ్బారావే. (అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా కనుగొన్నాడు.)

గుండెలో ఈ పంపు ఒక్క రకం కాదు. మనిషి గుండెలో ఆల్ఫా-1, ఆల్ఫా-2, ఆల్ఫా-3 అని మూడు రూపాలున్నాయి. ఎలుకల గుండెకణాల్లో చూస్తే ఎక్కువ భాగం ఆల్ఫా-1దే. అది ఊరంతటికీ నీళ్లిచ్చే పంపు లాంటిది, పొర అంతటా పరుచుకుని మొత్తం కణంలో సోడియాన్ని అదుపులో ఉంచుతుంది. ఆల్ఫా-2 కొద్దిగానే ఉంటుంది, కానీ మకాం కీలకమైన చోట. పొర లోపలికి చొచ్చుకుపోయిన సన్నని గొట్టాల్లో, కాల్షియం నిల్వల పక్కనే అది గుమిగూడి ఉంటుంది. అక్కడ సోడియం కాస్త పెరిగినా చాలు, దాంతో మారకం చేసుకుని బయటికి పోవాల్సిన కాల్షియం లోపలే మిగులుతుంది. గుండె మరింత గట్టిగా ముడుచుకుంటుంది.

ఇది ఊహ కాదు. 1999లో లింగ్రెల్ అనే శాస్త్రవేత్త ప్రయోగశాల, ఒక్కో రూపాన్నీ సగానికి తగ్గించిన ఎలుకలను పరీక్షించింది. ఆల్ఫా-2 తగ్గినవాటి గుండె బలంగా కొట్టుకుంది, ఆల్ఫా-1 తగ్గినవాటిది నీరసించింది. పంపు ఎన్ని ఉన్నాయన్నదే కాదు, ఏ రకం ఎక్కడుందన్నదీ లెక్కే.

గుండెజబ్బుకు వాడే డిగాక్సిన్ పనిచేసేదీ ఇలాగే, పంపును అడ్డుకుని. దాని పూర్వరూపమైన ఫాక్స్‌గ్లవ్ ఆకును 1785లోనే విలియం విథరింగ్ రోగులపై వాడి రాశాడు. మన గన్నేరు విషమూ ఈ పంపునే పట్టుకుంటుంది. బయటి విషాలకే ఇంత బాగా అమరే చోటు పంపులో ఉందంటే, లోపలి హార్మోను కూడా ఒకటి ఉండే తీరాలన్న ఆలోచన సహజమే. సహజమైనంత మాత్రాన నిజమవ్వాలని లేదు. క్రైస్ట్‌చర్చ్ బృందం 2014లో మళ్లీ అదే పత్రికలో, శరీరంలోనిదని చెబుతున్న ఊబాయిన్ అసలు ఊబాయినే కాదని రాసింది. హార్మోను మాట తేలకపోయినా ఆల్ఫా-2 గురించి తెలిసింది చెక్కుచెదరదు.

డిగాక్సిన్ వాడేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: పంపు మీద చోటు కోసం పొటాషియం, ఈ మందు పోటీ పడతాయి. రక్తంలో పొటాషియం తగ్గితే మామూలు మోతాదే విషం కావచ్చు. కాబట్టి డాక్టరు చెప్పిన రక్తపరీక్షలు మానొద్దు, మోతాదు సొంతంగా మార్చొద్దు.