చిన్న పత్రికల్లో స్త్రీవాదం: హిందూ సుందరి నుంచి భూమిక దాకా

తెలుగులో మొదటి కథ ఏది అని మన బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి. తెలుగు మీడియం వాళ్లయితే టక్కున గురజాడ "దిద్దుబాటు", 1910 అంటారు. నాలాంటి ఇంగ్లీష్ మీడియం బాపతు అయితే గూగుల్ చేసి చెప్తారు. కానీ దానికి ఎనిమిదేళ్ల ముందే, 1902లో, భండారు అచ్చమాంబ కథ "ధనత్రయోదశి" అచ్చయింది. భర్త తెచ్చిన దొంగసొమ్ముని భార్య వద్దనే కథ అది. ఏది మొదటిది అన్న వాదన ఇంకా నడుస్తూనే ఉంది, దాన్ని తేల్చేంత చదువు నాకు లేదు. నాకు వచ్చిన డౌట్ వేరే. అచ్చయిన కథ అన్నేళ్లపాటు మన పుస్తకాల్లో ఎందుకు కనపడలేదు?

అది వచ్చింది "హిందూ సుందరి" అనే పత్రికలో. 1902లో ఏలూరులో సత్తిరాజు సీతారామయ్య మొదలుపెట్టారు. సంపాదకులు మాత్రం ఆడవాళ్లే: మోసలికంటి రమాబాయమ్మ, వెంపల శాంతాబాయమ్మ. ఆ రోజుల్లో చాలామంది అమ్మాయిలకి బడి లేదు. అచ్చమాంబకి పదేళ్లకే పెళ్లయింది, చదువు తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు దగ్గర ఇంట్లోనే నేర్చుకున్నారు. ఇల్లు దాటలేని మనిషి దగ్గరికి పోస్టులో పత్రిక వస్తుంది. ఆవిడ చదువుతుంది, తర్వాత తనూ రాస్తుంది. వేరే ఊళ్లో ఇంకో ఆవిడ అది చదువుతుంది. ఒకరినొకరు ఎప్పుడూ చూడకపోయినా తాము ఒంటరి కాదని తెలుస్తుంది. చిన్న పత్రిక చేసే మొదటి పని ఇదే అనుకుంటా.

రెండో పని, కాగితం మీది మాటని బయటికి తీసుకురావడం. అదే 1902లో అచ్చమాంబ, ఓరుగంటి సుందరీ రత్నమాంబ కలిసి మచిలీపట్నంలో "బృందావన స్త్రీల సమాజం" పెట్టారు. అంటే కథ రాయడం, సంఘం పెట్టడం ఆవిడకి రెండు వేరు వేరు పనులు కావన్నమాట. 1905లో ముప్ఫై ఏళ్లకే ఆవిడ చనిపోయారు.

అప్పుడందరూ ఒకేలా ఆలోచించారని మాత్రం అనుకోకండి. కాకినాడ నుంచి "సావిత్రి" పత్రిక నడిపిన పులుగుర్త లక్ష్మీనరసమాంబ స్త్రీ విద్య కావాలన్నారు, వితంతు వివాహాలు మాత్రం వద్దన్నారు. ఇవాళ మనకి అది వింతగా అనిపించొచ్చు. కానీ ఆడవాళ్ల జీవితం గురించి ఆడవాళ్లే అచ్చులో వాదించుకోవడం అప్పటికి కొత్త విషయం.

ఇప్పుడు తొంభై ఏళ్లు ముందుకి వద్దాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాకి ఎదురు తిరిగారు, అది రాష్ట్రమంతా పాకింది. 1993లో ఓల్గా సంపాదకత్వంలో స్త్రీవాద కవితల సంకలనం "నీలిమేఘాలు" వచ్చింది. శరీరం గురించి, వంటింటి గురించి, కాన్పు గురించి ఆడవాళ్లు నేరుగా రాస్తే అశ్లీలం అన్నవాళ్లున్నారు. ఆ ఏడాదే హైదరాబాద్‌లో "భూమిక" మొదలైంది. కొండవీటి సత్యవతి గారు సంపాదకురాలు.

"భూమిక" పత్రిక దగ్గరే ఆగిపోలేదు. 2006లో వాళ్లు స్త్రీల కోసం ఒక హెల్ప్‌లైన్ పెట్టారు. గృహహింస చట్టం అమల్లోకి వచ్చింది కూడా ఆ ఏడాదే. చట్టం వచ్చిందని వ్యాసం రాయడం ఒక పని. రాత్రి దెబ్బలు తిన్న మనిషి ఫోన్ చేస్తే ఎత్తి, ఎక్కడికి వెళ్లాలో చెప్పడం ఇంకో పని. ఒక సాహిత్య పత్రిక వాళ్లు రెండూ చేశారు. యాక్టివిజం అంటే ధర్నాలు, హ్యాష్‌ట్యాగులే అనుకునేవాళ్లకి చెప్పాల్సిన సంగతి ఇది.

అలాగని ఈ గుంపు లోపల అంతా బాగుందనీ కాదు. "మీరు చెప్పే స్త్రీ ఎవరు? ఏ కులం? ఏ మతం?" అని దళిత, ముస్లిం రచయిత్రులు గట్టిగానే అడిగారు. 2003లో గోగు శ్యామల సంపాదకత్వంలో వచ్చిన "నల్లపొద్దు" దళిత స్త్రీల రచనలన్నీ ఒకచోట పెట్టి చూపించింది. వంటింట్లో బందీ అయిన ఆవిడ బాధ నిజమే, కానీ పొద్దున్నే పొలంలో కూలికి పోయే ఆవిడ బాధ వేరు. ఈ ప్రశ్న వేసినందుకు స్త్రీవాదం బలహీనపడలేదు, ఇంకొంచెం నిజాయితీగా మారింది.

మళ్లీ నా డౌట్ దగ్గరికి వస్తే, చిన్న పత్రికకి ఉన్న బలహీనత కూడా అక్కడే ఉంది. కాపీలు తక్కువ. లైబ్రరీలు పట్టించుకోవు. ఎవరో పాత సంచికలు వెతికి, దుమ్ము దులిపి, మళ్లీ అచ్చు వేస్తే తప్ప ఆ రచయిత్రి లేనట్టే. అచ్చమాంబ కథలు అలా వెతికితేనే మళ్లీ మన చేతికొచ్చాయి. మన భాషలో చెప్పాలంటే, బ్యాకప్ లేని డేటా.

మన మ్యాగజైన్ కూడా చిన్నదే. మనకొచ్చే రచనల్లో "పేరు వేయకండి ప్లీజ్" అని అడిగేవాళ్లలో ఎక్కువమంది అమ్మాయిలే. ఇంట్లో చూస్తారని, హాస్టల్ గ్రూపుల్లో స్క్రీన్‌షాట్ తిరుగుతుందని భయం. ఆ భయం ఉత్తిది కాదు, కాబట్టి కలం పేరుతో రాసే వీలు ఉండాలి, అసలు పేరు ఎడిటర్ దగ్గరే ఆగిపోవాలి. ఇంకోటి, పాత సంచికలన్నీ పాసవుట్ అయిన సీనియర్ల డ్రైవ్ లింకుల్లో ఉన్నాయి. వాళ్ల కాలేజ్ మెయిల్ ఐడీలు మూసేసిన రోజు అవీ పోతాయి. ఈ సెమిస్టర్‌లోనే అన్నీ దించి, ఒక కాపీ కాలేజ్ లైబ్రరీలో పెడదాం. శనివారం ల్యాబ్ అయ్యాక నేను ఖాళీ, ఎవరైనా వస్తే ఇద్దరం కలిసి మొదలుపెట్టొచ్చు.