రోలర్ కోస్టర్ పెడదామా? వద్దా?

సెలవులొచ్చాయంటే పిల్లల చేతుల్లో ఫోన్లు, అమ్మల నోట్లో కేకలు! ఏ ఇంట్లో చూసినా ఇదే వరస. కానీ కొన్ని ఆటలుంటాయి... కాసేపు పక్కన కూర్చుంటే మనకూ పని చెబుతాయి. కాగితం, పెన్సిలు తెమ్మంటాయి. ఒక చిన్న పార్కును నడిపే ఆట అలాంటిదే. అందులో కొత్త రోలర్ కోస్టర్ పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వచ్చిందంటే, ఇంట్లో ఫ్రిజ్ కొనేముందు మనం పడే తర్జనభర్జన అంతా పడాల్సిందే.

ఏమిటీ ఆట?

దీని పేరు 'రోలర్ కోస్టర్ టైకూన్'. స్కాట్లండ్‌కు చెందిన క్రిస్ సాయర్ తయారుచేశాడు. 1999లో కంప్యూటర్లకు వచ్చింది. ఇంత పెద్ద ప్రోగ్రామును దాదాపు ఆయనొక్కడే రాశాడంటే ఆశ్చర్యం వేస్తుంది. తర్వాత 'క్లాసిక్' అన్న పేరుతో ఫోన్లకూ వచ్చింది. అలా మోస్రాలో మా ఇంటి దాకా చేరింది.

కాల్చడాలు, చంపడాలు ఉండవు. ఖాళీ స్థలం ఇస్తారు. కొంత డబ్బు ఇస్తారు. దాంతోపాటు తీర్చాల్సిన అప్పూ ఉంటుంది, దానికి నెలనెలా వడ్డీ! దారులు వేయాలి, రంగులరాట్నం లాంటివి పెట్టాలి, టికెట్టు ధర మనమే నిర్ణయించాలి. పార్కులోకి వచ్చిన ప్రతి మనిషికీ ఆకలి, దాహం, అలసట ఉంటాయి. వాళ్ల మీద వేలు పెడితే మనసులో మాట కనబడుతుంది. 'ఆకలేస్తోంది' అంటాడొకడు. 'ఎంతసేపని వరసలో నిలబడాలి' అంటుందొకావిడ. బాత్రూమ్ ఎక్కడుందో దొరకలేదని ఇంకొకరు. అచ్చం పెళ్లింట్లో చుట్టాల్లాగే కదూ!

మొదటి పార్కు 'ఫారెస్ట్ ఫ్రాంటియర్స్'. మొదటి ఏడు అక్టోబరు నెలాఖరుకు పార్కులో కనీసం 250 మంది ఉండాలి. పార్కుకు వచ్చే మార్కులు 600కు తగ్గకూడదు. ఈ రెండూ జరిగితే గెలిచినట్టు. లేదంటే అన్ని రోజుల కష్టమూ పోయినట్టే.

కొత్తది వచ్చింది... కొట్లాట తెచ్చింది

మా పెద్దది ఎనిమిదో తరగతి, చిన్నోడు ఐదు. ఇద్దరూ కలిసి ఒకే పార్కు నడుపుతున్నారు. ఆగస్టు నెల (ఆటలో ఆగస్టు లెండి!) వచ్చేసరికి 180 మంది ఉన్నారు. అప్పుడే కొత్త రోలర్ కోస్టర్ అందుబాటులోకి వచ్చిందన్న కబురు తెరమీద పడింది.

"అమ్మా, గిది పెడితే మస్తుంటది! అందరూ ఉరికొస్తరు" అన్నాడు చిన్నోడు.

"ఉన్న పైసలన్నీ దానికే పెడితే ఊడ్చేటోళ్లకు జీతమెవరిస్తరు రా?" అంది అక్క.

ఇద్దరూ నా దగ్గరికొచ్చారు. ఒకరి మాట నెగ్గించి ఇంకొకరిని ఏడిపించడం నాకిష్టం లేదు. "ముందు లెక్క రాద్దాం, తర్వాత కొట్లాడదాం" అన్నాను. ఈ ఆటలో ఒక మంచి సదుపాయం ఉంది. కోస్టర్ కట్టకముందే తయారుగా ఉన్న నమూనాలు చూడొచ్చు. ఒక్కోదానికి ఎంత ఖర్చు, ఎంత జాగా, ఎంత పొడవు అన్నీ అక్కడే రాసి ఉంటాయి. అందులోంచి రెండు ఎంచుకున్నాం. ఒకటి ఎత్తైనది, మెలికలున్నది. రెండోది చిన్నది, నెమ్మదైనది. పెద్దది పెడితే చేతిలో డబ్బంతా ఊడ్చుకుపోతుంది. చిన్నదైతే సగానికి పైగా మిగులుతుంది.

మూడు మార్కుల లెక్క

ప్రతి రైడ్‌కూ ఈ ఆట మూడు మార్కులు వేస్తుంది. మొదటిది ఉత్సాహం, అంటే ఎక్కినవాళ్లకు ఎంత సరదా అని. రెండోది తీవ్రత, అంటే ఒంటిని ఎంత కుదిపేస్తుందని. మూడోది వికారం, అంటే కడుపులో ఎంత తిప్పుతుందని. పిల్లలు మొదటి మార్కే చూస్తారు. అసలు కథ మిగతా రెండింటిలో ఉంటుంది.

తీవ్రత పది దాటితే ఉత్సాహం మార్కు కూడా పడిపోతుంది. భయమేసి జనం దగ్గరికే రారు. వికారం ఎక్కువైతే దిగినవాళ్లు దారిలోనే వాంతులు చేసుకుంటారు. దాన్ని శుభ్రం చేయడానికి పనివాళ్లను పెట్టాలి. దారులు పాడైతే జనం గొణుగుతారు, పార్కు మార్కులు తగ్గుతాయి. చూశారా, ఒక్క మలుపు గట్టిగా తిరిగితే దాని ఖర్చు ఎక్కడెక్కడ తేలుతుందో!

మా పిల్లలు ఎంచుకున్న పెద్ద నమూనాకు తీవ్రత తొమ్మిదికి దగ్గర. చిన్నదానికి నాలుగున్నర. ఉత్సాహంలో మాత్రం పెద్దదే పైచేయి. "చూసినవా, నాదే గెలిచింది" అన్నాడు చిన్నోడు.

ఎక్కేవాళ్లనే అడుగుదాం

అప్పుడు నాకొక ఆలోచన వచ్చింది. పార్కులోని ప్రతి మనిషికీ ఎంత తీవ్రత ఇష్టమో, వికారాన్ని ఎంత తట్టుకోగలరో కూడా ఈ ఆటలో చూడొచ్చు. "అరే బిడ్డా, కోస్టర్ ఎక్కేది మీరు కాదు కదా, వాళ్లను చూసి రండి" అన్నాను.

నోటుబుక్కులో గళ్లు గీసి, దొరికినవాళ్లను దొరికినట్టు ఇరవై మందిని చూశారు. గేటు దగ్గర ఐదుగురు, ఐస్‌క్రీమ్ కొట్టు దగ్గర ఐదుగురు... ఇలా నాలుగు చోట్ల. ఒకేచోట చూస్తే లెక్క తప్పుతుందని పెద్దదే అంది. ఆ మాటకు నేను లోలోపల ఎంత మురిసిపోయానో!

ఇరవైలో పదముగ్గురు తీవ్రత ఏడుకు లోపుంటేనే ఎక్కే రకం. వికారం అస్సలు తట్టుకోలేనివాళ్లు నలుగురు. తొమ్మిది దాకా పోయినా ఫరవాలేదనేవాళ్లు ఏడుగురే. అంటే పెద్ద కోస్టర్ పెడితే ముగ్గురిలో ఇద్దరు కిందనే నిలబడి చూస్తారన్నమాట. వాళ్ల టికెట్టు డబ్బులు రావు.

చిన్నోడు అంత సులువుగా ఒప్పుకోలేదు. "మరి ఆ ఏడుగురు ఏం చేయాలె? వాళ్లకు మన పార్కుల ఏమున్నది?" అన్నాడు. న్యాయమైన ప్రశ్నే! ఎప్పుడూ రంగులరాట్నమే ఉంటే ధైర్యవంతులు విసిగి ఇంటిదారి పడతారు. మంచి రైడ్లు పెరిగేకొద్దీ కొత్తవాళ్లు వస్తారన్నది కూడా నిజమే. అందుకే 'పెద్దది ఎప్పటికీ వద్దు' అనుకోలేదు. 'ఇప్పుడు ఏది?' అన్నదొక్కటే తేల్చుకోవాలనుకున్నాం.

ఆగిపోతే ఏంటి గతి?

కోస్టర్ కొనడంతో ఖర్చు అయిపోదు. నడిపినన్నాళ్లూ కరెంటులా ఖర్చవుతూనే ఉంటుంది. పాతబడేకొద్దీ మొరాయిస్తుంది. మెకానిక్ ఉండాలి, పార్కు ఆ చివర ఉంటే నడిచి వచ్చేదాకా ఆగాలి. ఎన్ని నిమిషాలకొకసారి తనిఖీ చేయాలో కూడా మనమే చెప్పాలి. వర్షం వస్తే కప్పులేని ఆటల దగ్గర జనం పలచబడతారు, గొడుగుల కొట్టుకు మాత్రం గిరాకీ!

ఇంకో సంగతుంది. పెద్ద కోస్టర్ పక్కన నాలుగు తినుబండారాల కొట్లు పెట్టామనుకోండి. అది ఆగిన రోజు ఆ నాలుగు కొట్లూ ఈగలు తోలుకోవాలి. ఈ మాట మా వైపు వాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేదు. నిజాం కాలంలో, 1930లలో పుట్టిన బోధన్ చక్కెర ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కార్మికులతోనే ఆ దెబ్బ ఆగలేదు. చెరకు పండించే రైతు, బండివాడు, గేటు ముందర చాయ్ హోటలు... అందరి మీదా పడింది. ఊరంతా ఒక్కదాని మీద ఆనుకుంటే ఎలా ఉంటుందో పిల్లలకు అర్థం చేయించడానికి ఇంతకన్నా దగ్గరి పోలిక నాకు తోచలేదు.

ఆఖరికి ఏం చేశామంటే...

చిన్న కోస్టర్ పెట్టాం. మిగిలిన డబ్బుతో ఇంకో మెకానిక్‌ను, ఊడ్చే మనిషిని పెట్టుకున్నాం. దిగేచోట రెండు బెంచీలు, దగ్గర్లో బాత్రూమ్. కోస్టర్‌ను చెట్ల మధ్యగా, దారి పక్కగా పోనిచ్చాం. చుట్టూ చెట్లూ పూలమొక్కలూ ఉంటే ఉత్సాహం మార్కులు పెరుగుతాయి మరి! పైసా ఎక్కువ పెట్టకుండా వచ్చిన లాభం ఇదొక్కటే అని పెద్దది తేల్చింది.

అక్టోబరు నెలాఖరుకు 262 మంది. మార్కులు ఏడువందలు దాటాయి. ఆ చివరి వారం ఇంట్లో ఎవరం సరిగ్గా అన్నం తినలేదంటే నమ్ముతారా? 247 దగ్గర రెండు రోజులు ఆగిపోయింది మరి!

గెలిచాక కూడా పార్కు నడుపుకోవచ్చు. అప్పుడు చిన్నోడి వంతు వచ్చింది. అప్పు సగం తీర్చి, మిగిలినదాంతో పెద్ద కోస్టర్ సొంతంగా గీసి కట్టాడు. తెరవకముందు ఖాళీ బండ్లతో నడిపించి చూస్తేనే మార్కులు తెలుస్తాయి. తీవ్రత పది దాటింది! వేగంగా వచ్చే చోట మలుపు చదునుగా ఉండటమే కారణమని తెలుసుకుని, పట్టాలను లోపలికి వాలుగా వంచాడు. సైకిలు మీద మలుపు తిరిగేటప్పుడు మనం ఒరుగుతాం చూడండి, అదే సూత్రం. తీవ్రత ఎనిమిదికి దిగింది. వరసలో జనం నిలబడ్డారు. వాడి మొహం చూడాలి అప్పుడు!

కొండ ఒక్కటే, ఇంజను లేదు

రోలర్ కోస్టర్‌కు ఇంజను ఉండదని నాకూ ఈ ఆట వల్లే బాగా తెలిసింది. గొలుసు లాంటిది బండిని మొదటి ఎత్తు దాకా లాగి వదిలేస్తుంది. అక్కడినుంచి దాని బరువే దాన్ని పరుగెత్తిస్తుంది. అందుకే మామూలుగా మొదటి ఎత్తే అన్నిటికన్నా పెద్దది. రష్యాలో చలికాలంలో మంచు కట్టిన జారుడు దిబ్బలు దీనికి పూర్వీకులు. అమెరికాలో న్యూయార్క్ దగ్గరి కోనీ ఐలాండ్‌లో 1884లో లామార్కస్ థాంప్సన్ పెట్టిన రైలుకు టికెట్టు 5 సెంట్లు. వేగం గంటకు పది కిలోమీటర్లే! అయినా జనం ఎగబడ్డారు. సరదాకు వేగం ఒక్కటే కొలత కాదన్నమాట.

నిజం పార్కుకు వెళ్లినప్పుడు

ఫోనులో కోస్టర్ బ్రేకులు ఫెయిలైతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. బయట అలా కాదు. 2019 జులైలో అహ్మదాబాద్ కాంకరియా చెరువు దగ్గర ఊగే రైడ్ విరిగిపడి ఇద్దరు చనిపోయారు, ఎందరికో గాయాలయ్యాయి. 2020 అక్టోబరులో హైదరాబాద్ శివారులో గో కార్ట్ నడుపుతుండగా జుట్టు చక్రంలో చిక్కుకుని ఒక అమ్మాయి ప్రాణం పోయింది. నాంపల్లి నుమాయిష్ అయినా, 2016లో రావిర్యాలలో తెరిచిన వండర్‌లా అయినా, భీంగల్ లింబాద్రిగుట్ట జాతర అయినా... ఎక్కేముందు అడిగి చూసుకోవడంలో నామోషీ ఏమీ లేదు. తనిఖీ ఎప్పుడు చేశారని మా పిల్లలు ఇప్పుడు వాళ్లంతట వాళ్లే అడుగుతున్నారు!

ఇవి గుర్తుంచుకోండి

* ఎక్కేముందు ఒక విడత ఊరికే నిలబడి చూడండి. కిర్రుమని చప్పుడు, వదులైన కడ్డీ, తాడుతో కట్టిన తలుపు కనిపిస్తే వద్దనుకోండి.

* ఎత్తు కొలిచే గీత దగ్గర 'మావాడు ధైర్యవంతుడే' అని బతిమాలకండి. ఆ గీత ధైర్యానికి కాదు, బెల్టు సరిపోవడానికి.

* చున్నీ, కొంగు బిగించి ముడివేయండి. జడ వేసి లోపలికి దోపుకోండి.

* గర్భిణులు, గుండెజబ్బు, బీపీ, నడుము, మెడ నొప్పులున్నవాళ్లు కుదిపే రైడ్లు ఎక్కకూడదు.

* కడుపునిండా తిన్న వెంటనే తిరిగేవి ఎక్కనివ్వకండి.

* పిల్లలు ఇంట్లో ఇలాంటి ఆట ఆడుతుంటే రోజుకు ఇంతసేపని ముందే చెప్పండి. ఏదైనా కొనేముందు మూడు లెక్కలు కాగితం మీద రాయించండి: ఎంత ఖర్చు, ఎవరికి పనికొస్తుంది, ఆగిపోతే ఎలా? ఈ మూడూ అలవాటైతే రేపు వాళ్లు నిజం డబ్బు పట్టుకున్న రోజున మీరు పక్కన లేకపోయినా ఫరవాలేదు.