బ్రిటనులో వైద్య, సంరక్షణోద్యోగములు : వీసా నియమములు

మన గ్రామములనుండి విదేశములకు ఉద్యోగార్థులై పోవు యువతీయువకులలో నర్సింగు చదివిన ఆడపిల్లలు పలువురు కలరు. బిడ్డ చదువు ముగిసినదో లేదో, ఇంటికి దళారుల రాకపోకలు మొదలగును. బ్రిటనులో వృద్ధులకు సేవచేయు ఉద్యోగము సిద్ధముగా నున్నదనియు, ఇన్ని లక్షలు కట్టినచో మూడు మాసములలో విమానమెక్కింతుమనియు వారు చెప్పుదురు. ఆ మాట నమ్మి పొలము తాకట్టుపెట్టుటకో, నోటు వ్రాసి అప్పు తెచ్చుటకో పూనుకొను తల్లిదండ్రులు కలరు. అట్టివారు ముందుగా తెలిసికొనవలసిన విషయములను ఈ వ్యాసమున వివరింతుము. ఈ వీసా ఎవరికి లభించును, ఎవరికి లభింపదు, ఏ ఖర్చు ఎవరు భరింపవలెను అను మూడు ప్రశ్నలకు సమాధానము తెలిసినచో మోసపోవుటకు అవకాశము చాలవరకు తగ్గును.

వీసా ఏర్పడిన విధము

బ్రిటనులో ప్రజలకు వైద్యసహాయము అందించు జాతీయ ఆరోగ్య సేవ 1948 జూలై 5వ తేదీన ప్రారంభమైనది. దీనినే ఎన్.హెచ్.ఎస్. అందురు. ఆనాటినుండియు ఇతర దేశముల డాక్టర్లు, నర్సులు ఆ ఆసుపత్రులలో పనిచేయుచునే యున్నారు. వారిలో భారతీయులది పెద్ద సంఖ్య. ఇది గాక అచ్చట వృద్ధులకు, వికలాంగులకు స్నానము చేయించుట, అన్నము తినిపించుట, మందులు అందించుట మొదలగు పనులకై సంరక్షణ గృహములు వేరుగా కలవు. ఇండ్లకు పోయి ఈ సేవలు చేయు సంస్థలును కలవు. ఇవి చాలవరకు ప్రైవేటు యాజమాన్యమున నడచుచున్నవి. ఆసుపత్రి నర్సు పని వేరు, సంరక్షణ గృహమునందలి కేర్ వర్కరు పని వేరు. ఈ భేదమును పాఠకులు గుర్తుంచుకొనవలెను. వీసా నియమములన్నియు దీనిపైననే ఆధారపడియున్నవి.

2020 ఆగస్టులో బ్రిటిషు ప్రభుత్వము వైద్యవృత్తులవారికి ప్రత్యేకముగా ఆరోగ్య, సంరక్షణ వీసాను ప్రవేశపెట్టినది. 2021-22 సంవత్సరమున ఇంగ్లండులోని సంరక్షణ సంస్థలలో సుమారు 1,65,000 ఉద్యోగములు ఖాళీగా నుండెను. ఈ కొరతను తీర్చుటకు 2022 ఫిబ్రవరి 15 నుండి కేర్ వర్కర్లకును ఈ వీసా ఇచ్చుట ప్రారంభించిరి. 2023వ సంవత్సరములోనే సుమారు 1,46,000 మంది ఉద్యోగులకు ఈ వీసాలు లభించినవి. వీటిని పొందినవారిలో భారతీయులు, నైజీరియనులు, జింబాబ్వే దేశీయులు ముఖ్యులు.

మూసిన తలుపు

ఇంతమంది పోవుటతో మోసములును పెరిగినవి. లేని ఉద్యోగములకు పత్రములు జారీచేసిన సంస్థలు బయటపడినవి. వారమునకు నలుబది గంటల పని చూపుదుమని రప్పించి, పది గంటల పనియైన ఇయ్యని యజమానులు కనబడిరి. 2022 జూలై మొదలు 2024 డిసెంబరు వరకు 470కి పైగా సంరక్షణ సంస్థల లైసెన్సులను బ్రిటిషు ప్రభుత్వము రద్దుచేసినది. ఆ సంస్థలతో సంబంధము గల విదేశీ ఉద్యోగులు 39,000కు పైబడి యుండిరి.

అందుచేత నియమములు ఒకదానివెంట నొకటి కఠినమైనవి. 2024 మార్చి 11 నుండి కేర్ వర్కర్లు క్రొత్తగా భార్యాభర్తలను గాని బిడ్డలను గాని వెంట తీసికొనిపోవుటకు వీలులేకపోయెను. 2025 మే నెలలో ఆ ప్రభుత్వము వలసలను తగ్గించు విధానమును ప్రకటించినది. దాని ననుసరించి 2025 జూలై 22 నుండి విదేశములలో నున్నవారిని క్రొత్తగా కేర్ వర్కర్లుగా గాని సీనియర్ కేర్ వర్కర్లుగా గాని చేర్చుకొనుట ఆపివేయబడినది.

దీని అర్థము స్పష్టము. మన ఊరిలో నున్న మనిషిని నేరుగా కేర్ వర్కరు వీసాపై పంపుదుమని ఆ తేదీ తరువాత చెప్పువాని మాట నమ్మదగినది కాదు. బ్రిటిషు ప్రభుత్వము ప్రతి ఉద్యోగమునకు ఒక సంకేతసంఖ్య నిర్ణయించినది. కేర్ వర్కరు సంఖ్య 6135. సీనియర్ కేర్ వర్కరు సంఖ్య 6136. ఏజెంటు చూపిన పత్రములో ఈ సంఖ్యలున్నచో అచ్చటనే ఆగిపోవలెను.

కొందరు దళారులు మరియొక దారి చూపుచున్నారు. ముందు విద్యార్థి వీసాపై పోయి, అచ్చట చేరిన పిమ్మట కేర్ వీసాకు మారవచ్చునని వారి బోధ. 2023 జూలైనుండి చదువు పూర్తికాకముందు విద్యార్థి వీసానుండి ఉద్యోగ వీసాకు మారుటకు వీలులేదు. బ్రిటనులో నున్నవారు కేర్ వీసాకు మారుటకు 2028 జూలై 22 వరకు అవకాశమున్నను, అందులకు అదే యజమానివద్ద కనీసము మూడు మాసములు చట్టబద్ధముగా పనిచేసియుండవలెను. కావున అప్పుచేసి చదువు పేరిట పోవుట ఉద్యోగమునకు హామీ కాజాలదు.

తెరచియున్న తలుపు

నర్సులకు, డాక్టర్లకు, ఫిజియోథెరపిస్టులు మొదలగు శిక్షణ పొందిన వృత్తులవారికి మార్గము మూయబడలేదు. వారు భార్యాభర్తలను, బిడ్డలను తీసికొనిపోవుటకును నియమములు అనుమతించుచున్నవి. అయితే ఈ మార్గము పరీక్షలతో కూడినది.

నర్సు మొదట మన రాష్ట్ర నర్సింగు కౌన్సిలులో నమోదై యుండవలెను. తరువాత బ్రిటనులోని నర్సింగు, మిడ్‌వైఫరీ కౌన్సిలునకు దరఖాస్తు చేసికొనవలెను. ఆ కౌన్సిలు ఇంగ్లీషు భాషాజ్ఞానమును పరీక్షించును. ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్ష వ్రాయువారు వినుట, చదువుట, మాటలాడుట అను మూడింటిలో 7, వ్రాయుటలో 6.5 మార్కులు పొందవలెను. దీనికి బదులు ఓ.ఇ.టి. అను పరీక్షయు కలదు. పిమ్మట కంప్యూటరుపై వృత్తి పరీక్ష వ్రాయవలెను; దీనిని మన దేశముననే వ్రాయవచ్చును. చివరి పరీక్ష చేతిపనితనమునకు సంబంధించినది. దీనిని బ్రిటనులోనే ఈయవలెను. అది ఉత్తీర్ణమై కౌన్సిలులో పేరు నమోదైన తరువాతనే పూర్తి నర్సుగా పనిచేయు అర్హత కలుగును.

డాక్టర్లు సాధారణముగా ప్లాబ్ అను రెండు భాగముల పరీక్షలో ఉత్తీర్ణులై జనరల్ మెడికల్ కౌన్సిలులో నమోదు కావలెను. రెండవ భాగము మాంచెస్టరు నగరమున జరుగును. ఈ పరీక్షలను ఏ ఏజెంటును మన బదులు వ్రాయజాలడు. పరీక్ష లేకుండ నర్సు ఉద్యోగము ఇప్పింతుమను మాట విన్నంతనే అనుమానింపవలెను.

స్పాన్సరు పత్రము

ఈ వీసా మనిషిని చూచి ఇచ్చునది కాదు; ఒక యజమాని, ఒక ఉద్యోగము చూచి ఇచ్చునది. యజమాని బ్రిటిషు ప్రభుత్వమునుండి స్పాన్సరు లైసెన్సు పొందియుండవలెను. లైసెన్సు గల సంస్థల జాబితాను ఆ ప్రభుత్వము తన వెబ్‌సైటులో అందరికిని కనబడునట్లు ప్రకటించుచున్నది. ఏజెంటు చెప్పిన సంస్థ పేరు అందున్నదో లేదో మన గ్రామమునందలి ఏ చదువుకొన్న కుఱ్ఱవాడైనను సెల్‌ఫోనులో చూచి చెప్పగలడు. జాబితాలో పేరుండుట మాత్రమే చాలదు. ఆ సంస్థ నిజముగా ఈ ఉద్యోగము ఇచ్చినదా యని సంస్థకే నేరుగా వ్రాసి తెలిసికొనవలెను. సంస్థ చిరునామాను ఏజెంటునుండి కాక సంస్థ వెబ్‌సైటునుండి గ్రహింపవలెను.

ఉద్యోగము ఖాయమైన పిమ్మట యజమాని ఒక స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు జారీచేయును. ఇది గోడకు తగిలించు కాగితము కాదు. ప్రభుత్వ లెక్కలలో నమోదైన ఒక సంఖ్య. అది జారీయైన మూడు మాసములలోపల వీసాకు దరఖాస్తు చేసికొనవలెను. క్షయవ్యాధి లేదని అంగీకృత కేంద్రమునుండి ధ్రువపత్రమును, నేరచరిత్ర లేదని పోలీసు ధ్రువపత్రమును జతపరుపవలెను.

డబ్బు ఎవరు చెల్లింపవలెను?

ఇది అన్నింటికంటె ముఖ్యమైన విషయము. స్పాన్సర్‌షిప్ సర్టిఫికెట్టు అమ్మకపు వస్తువు కాదు. 2024 డిసెంబరు 31 నుండి స్పాన్సరు లైసెన్సు ఖర్చును గాని, సర్టిఫికెట్టు రుసుమును గాని ఉద్యోగినుండి వసూలుచేయుట నిషేధింపబడినది. ఉద్యోగము చూపినందుకు ఉద్యోగార్థినుండి రుసుము తీసికొనుటను 1973 నాటి బ్రిటిషు చట్టము నిషేధించుచున్నది.

ఇతర వీసాలపై పోవువారు ఆరోగ్య సర్‌చార్జి అను పేర, 2024 ఫిబ్రవరినుండి సాధారణముగా ఏటికి 1,035 పౌండ్ల చొప్పున చెల్లింపవలసియున్నది. ఆరోగ్య, సంరక్షణ వీసాపై పోవువారికి ఈ సర్‌చార్జి లేదు. దీని పేర డబ్బు అడుగువాడు మోసగాడని గ్రహింపవలెను. అభ్యర్థికి నిజముగా అగు ఖర్చులు పాస్‌పోర్టు, పరీక్షలు, ధ్రువపత్రములు, వీసా రుసుము మొదలగునవి. వీటిలో కొన్నింటిని పలు ఆసుపత్రులు తిరిగి చెల్లించును.

మన దేశమున 1983 నాటి వలస చట్టము ప్రకారము విదేశోద్యోగములకు మనుష్యులను చేర్చు ఏజెంటు ప్రభుత్వమువద్ద నమోదై యుండవలెను. నమోదైన ఏజెంట్ల జాబితా ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో కలదు. అట్టి ఏజెంటైనను 30,000 రూపాయలును, దానిపై జి.ఎస్.టి.యును మించి సేవారుసుము తీసికొనరాదు. రసీదు తప్పక ఈయవలెను. లక్షలు అడిగి, రసీదు ఈయనివానికి ఈ చట్టమున చోటులేదు. తెలంగాణమున టామ్‌కామ్, ఆంధ్రప్రదేశమున ఓమ్‌క్యాప్ అను ప్రభుత్వ సంస్థలు విదేశోద్యోగముల నిమిత్తమే ఏర్పడినవి. వారి సలహా ముందుగా పొందుట మేలు.

పోయినవారి సంగతి

ఇప్పటికే కేర్ వీసాపై బ్రిటనులో నున్న మన బిడ్డలు భయపడవలసిన పనిలేదు. వారు నియమములకు లోబడి వీసాను పొడిగించుకొనవచ్చును, యజమానిని మార్చుకొనవచ్చును. కాని మారుటకు ముందు క్రొత్త యజమానివద్ద సర్టిఫికెట్టు పొంది, క్రొత్తగా దరఖాస్తు చేసికొనవలెను. యజమాని లైసెన్సు రద్దైనను, ఉద్యోగము పోయినను, సాధారణముగా 60 దినముల గడువుతో ప్రభుత్వమునుండి ఉత్తరువు వచ్చును. ఆలోపల వేరు యజమానిని వెదకికొనవలెను; లేనిచో తిరిగి రావలెను. ఇట్లు ఉద్యోగము కోల్పోయినవారికే మొదట అవకాశమిచ్చుటకై ఇంగ్లండులోని యజమానులు ముందుగా వారిలోనుండి మనుష్యులను వెదకవలెనని 2025 ఏప్రిల్ 9 నుండి నియమము ఏర్పడినది.

పాస్‌పోర్టును యజమానికి అప్పగింపరాదు. నడుమ ఉద్యోగము మానినచో వేల పౌండ్లు చెల్లింపవలెనని ఒప్పందములో నున్నదా యని సంతకమునకు ముందే చదివి చూడవలెను. ఇంటిలో అప్పు ఉన్నదన్న భయముచేతనే పలువురు తక్కువ జీతమునకును, అన్యాయమునకును తలయొగ్గుచున్నారు. అప్పు లేకుండ పోయినవాడు అన్యాయము నెదిరింపగలడు. కష్టము కలిగినచో లండనులోని భారత హైకమిషనుకు తెలుపవచ్చును; మదద్ వెబ్‌సైటులో ఇంటివారును ఫిర్యాదు చేయవచ్చును.

అడుసు త్రొక్కనేల, కాలు కడుగనేల యని మన పెద్దలు చెప్పుదురు. ఉద్యోగము ఏది, యజమాని ఎవరు, పరీక్ష ఏది, రసీదు ఏది అని డబ్బు చేతులు మారకముందే అడుగుట మన హక్కు. నర్సింగు చదివిన బిడ్డకు ఇంగ్లీషు శిక్షణకై వెచ్చించిన సొమ్ము ఆమెతోనే యుండును. దళారి చేతిలో పోసిన సొమ్ము తిరిగి వచ్చుట దుర్లభము. పొలము పత్రములు ఇంటి పెట్టెలోనే యుండగా, బిడ్డ తన విద్యతో, తన పేర నమోదైన అర్హతతో విమానమెక్కుట ఉత్తమ మార్గము.